వినాయక చవితి పందిరికి వీధి మూసే ముందు: విశాఖ కమిటీలకు జాగ్రత్తలు

చందాల పుస్తకం అచ్చుకిచ్చే ముందు టేపు పట్టుకుని వీధిలోకి వెళ్లండి. పర్మిషన్ కాగితాలన్నీ ఆ కొలతల మీదే నిలబడతాయి. విగ్రహం ఎన్ని అడుగులు, లైటింగ్ ఎవరికి ఇవ్వాలి అన్నవి కమిటీలు ముందే తేల్చుకుంటాయి. దర్శనం చేసుకున్న జనం ఎటు నుంచి బయటికి పోతారన్నది మాత్రం చాలా చోట్ల చివరి రోజు దాకా ఎవరూ అడగరు. ప్రాణాల మీదకు వచ్చేది అక్కడే.

2025 నవంబర్ 1న, ఏకాదశి నాడు, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ గుడిలో 9 మంది చనిపోయారు. వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ ఒకటే దారి, తోపులాటలో రెయిలింగ్ విరిగింది. అదే ఏడాది ఏప్రిల్ 30న మన సింహాచలం చందనోత్సవంలో వానకు కొత్త గోడ కూలి, క్యూలో ఉన్న ఏడుగురి ప్రాణాలు పోయాయి. వీధి పందిరి అంత పెద్దది కాదు కదా అనుకోవద్దు. సందు ఇరుకైతే రెండు వందల మంది చాలు.

ముందు కాగితాల సంగతి. కనీసం 3 వారాల ముందు మొదలుపెట్టండి. దరఖాస్తు పోలీసు శాఖ ఆన్‌లైన్ సింగిల్ విండోలో పెట్టినా, స్టేషన్‌కు వెళ్లి ఎస్సై గారికి స్థలం చూపించడం మానకండి. లా అండ్ ఆర్డర్ వాళ్లు ఒప్పుకున్నంత మాత్రాన రోడ్డు మూసేయొచ్చని కాదు. డైవర్షన్ చూసేది ట్రాఫిక్ విభాగం, వాళ్ల అనుమతి వేరుగా అడగాలి. రోడ్డు జీవీఎంసీది (నగరపాలక సంస్థ), కరెంటు ఈపీడీసీఎల్‌ది (విద్యుత్ పంపిణీ సంస్థ), మంటల జాగ్రత్తలు చూసేది అగ్నిమాపక శాఖ. ఊరేగింపు జాతీయ రహదారిని దాటాల్సి వస్తే, ముఖ్యంగా గాజువాక, మద్దిలపాలెం, మధురవాడ వైపు, ఏ జంక్షన్‌లో ఏ టైముకి దాటుతారో రాసివ్వండి. ఊరేగింపులను నియంత్రించే పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉన్నప్పుడు అనుమతి లేని ఊరేగింపు నేరుగా కేసు అవుతుంది. ఎవరైనా నోటిమాటగా ‘కానీండి’ అంటే దాన్ని పట్టుకుని పందిరి వేయకండి. డ్యూటీ మారితే ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

దరఖాస్తుతో పాటు చేత్తో గీసిన ప్లాన్ ఒకటి పెట్టండి. వీధి వెడల్పు, పందిరి కొలత, మూసే పొడవు, మూసే గంటలు, బళ్లు మళ్లే దారి, పార్కింగ్, ట్రాన్స్‌ఫార్మర్, దగ్గర్లోని ఆస్పత్రి, అపార్ట్‌మెంట్ల సెల్లార్ గేట్లు అందులో కనిపించాలి. సెల్లార్ గేటుకు ఎదురుగా పందిరి కాలు పడితే మొదటి రోజే గొడవ. డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, మంచం పట్టినవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు ఏ ఇళ్లలో ఉన్నారో అడిగి రాసి ఉంచుకోండి. అంబులెన్సు, ఫైరింజను కోసం 4 మీటర్ల దారి వదలాలి. వదిలాం అనుకోవడం కాదు, నీళ్ల ట్యాంకర్ ఒకదాన్ని పిలిచి ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి చూడండి. మలుపు తిరగకపోతే ఆ రోజే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క. 20 అడుగుల వీధిలో పందిరి ముందు 50 అడుగులు ఖాళీ ఉందనుకుందాం. అంటే 1000 చదరపు అడుగులు, సుమారు 93 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు ఇద్దరుంటే హాయిగా నిలబడతారు, సుమారు 190 మంది. నలుగురైతే 370, అప్పటికే పిల్లల్ని ఎత్తుకోవాల్సి వస్తుంది. ఐదు దాటితే మనిషి తన కాళ్ల మీద తాను నడవడు, పక్కవాళ్ల ఒత్తిడి ఎటు తోస్తే అటు పోతాడు. మీ లెక్క మూడు దగ్గర ఆపేయండి.

బయటికి పోయే దారి 4 అడుగులే ఉంటే, మామూలుగా నడిచేవాళ్లు నిమిషానికి 90 మంది దాకా వెళ్లగలరు. చేతిలో ప్రసాదం, పక్కన పిల్లలు, అక్కడే చెప్పుల వెతుకులాట ఉంటే దాన్ని సగం చేసుకోండి. 370 మంది ఖాళీ కావడానికి 8 నిమిషాలు. ఈలోగా వెనక నుంచి జనం వస్తూనే ఉంటారు. అందుకే చెప్పుల స్టాండు, ప్రసాదం బల్ల, సెల్ఫీ కట్టవుట్ ఈ మూడూ బయటికి పోయే దారి నోట్లో ఉండకూడదు. ప్రసాదం కనీసం 50 అడుగులు దాటాక పెట్టండి. అన్నసంతర్పణ రోజు బంతులు వేరే సందులో సాగాలి.

బారికేడ్లకు సరుగుడు కర్రలు కడితే తాడుతోనే కట్టండి, బైండింగ్ వైరు వద్దు. ప్రతి 20 అడుగులకు ఒక చోట ఒక్క లాగుకు ఊడే ముడి వేసి, దానికి ఎర్రగుడ్డ కట్టి, అక్కడ ఒక వాలంటీరును నిలబెట్టండి. పాత ప్రహరీ గోడల్ని, డ్రైన్ మీద పలకల్ని క్యూలైన్ హద్దుగా వాడొద్దు. రోడ్డు తవ్వి గుంజలు పాతకండి. కింద నీటి పైపు ఉండొచ్చు, పైగా జీవీఎంసీ ఒప్పుకోదు. ఇసుక నింపిన డ్రమ్ముల్లో నిలబెట్టి, నాలుగు వైపులా తాళ్లు లాగండి. సముద్రపు గాలికి పందిరి పక్క గుడ్డలు తెరచాపలా ఉబ్బుతాయి, మధ్యలో ఖాళీలు వదలండి. కరెంటు స్తంభానికి మాత్రం ఏ తాడూ కట్టొద్దు.

జనం బిగుస్తున్నారనిపిస్తే ముందున్నవాళ్లను వెనక్కి నెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. వెనకాల ఉన్నవాళ్లకు ముందు ఏం జరుగుతోందో తెలియదు. జంక్షన్ దగ్గర, అంటే వంద మీటర్ల అవతల, రాకను ఆపాలి. అక్కడ ఇద్దరు వాలంటీర్లు ఫోన్‌తో, విజిల్‌తో ఉండాలి. మైకులో ‘తొక్కిసలాట’, ‘పరిగెత్తండి’ అన్న మాటలు రాకూడదు. ‘అమ్మా, ఎడమవైపు గేటు తీశాం, నెమ్మదిగా అటు రండి’ అని దిక్కు చెప్పండి. జనరేటర్ ఆగితే పనికొచ్చేలా బ్యాటరీ మైకు ఒకటి చేతిలో ఉంచుకోండి. పెద్ద మైకు రాత్రి 10 తర్వాత పర్మిషన్‌లో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప పెట్టకూడదు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం.

కరెంటుకు సర్వీసు అధికారికంగా తీసుకోండి, కొక్కెం వేయొద్దు. బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు), సరైన ఎర్తు లేకుండా వానలో ఇనుప ఫ్రేమ్ ముట్టుకోనివ్వకండి. మంటలార్పే 6 కిలోల ఏబీసీ సిలిండర్లు రెండు, ఇసుక బకెట్లు నాలుగు దీపాలకు దగ్గర్లో ఉండాలి.

నిమజ్జనం రోజు ముందుగా తల పైకెత్తి చూడాలి. నిబంధనల ప్రకారం వీధికి అడ్డంగా పోయే ఎల్‌టీ తీగ (ఇళ్లకు కరెంటిచ్చేది) నేలకు 5.8 మీటర్లు, 11 కేవీ తీగ (ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే హైటెన్షన్‌ది) 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలి. 15 అడుగుల విగ్రహం, 4 అడుగుల లారీ బాడీ కలిపితే 19 అడుగులు, అంటే అదే 5.8 మీటర్లు. ఛత్రం, జెండా కర్ర దాని పైన. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. హుద్‌హుద్ తుపాను తర్వాత నగరంలో కొన్ని చోట్ల తీగలు భూమిలోకి వెళ్లాయి కాబట్టి భయం లేదనుకోకండి, లోపలి వీధుల్లో ఇంకా పైనే ఉన్నాయి. రూటంతా లైన్‌మన్‌తో ముందురోజు నడవండి. కర్రతో తీగ ఎత్తే పని ఎవరికీ ఇవ్వొద్దు, సప్లై ఆపించాలి.

మన ఊళ్లో ఇంకో ప్రమాదం వాలు. సిరిపురం వైపు నుంచైనా, కేజీహెచ్ ఆస్పత్రి మీదుగానైనా బీచ్ రోడ్డుకు దిగేటప్పుడు బరువున్న ట్రాక్టర్ ట్రైలర్ బ్రేకుకు ఆగకపోవచ్చు. వాలున్న చోట లారీయే వాడండి, న్యూట్రల్‌లో దింపొద్దు, చక్రాలకు అడ్డం వేసే కొయ్యదిమ్మలతో ఇద్దరు పక్కన నడవాలి. బండి ముందు డ్యాన్సు చేసేవాళ్లకూ బండికీ మధ్య 30 అడుగులు తాడు పట్టి ఉంచండి. వాలు దిగేంతసేపూ ముందు ఎవరూ ఉండకూడదు.

ఒడ్డుకు చేరాక విగ్రహాన్ని క్రేన్‌కు, గజ ఈతగాళ్లకు అప్పగించి ఆగిపోండి. ఆర్కే బీచ్‌లో నీరు మోకాలి లోతే కనిపిస్తుంది, అల వెనక్కి లాగేటప్పుడు కాళ్ల కింది ఇసుక కోసుకుపోతుంది. మీకు కేటాయించిన చోటూ, టైమూ మార్చుకోవద్దు.

జనం పోయారని సీరియల్ లైట్లతో పాటు వీధి లైట్లూ ఆర్పేసే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆఖరి మనిషి మెయిన్ రోడ్డు ఎక్కేదాకా వెలుగు ఉండాలి. తర్వాత తాళ్లు, డ్రమ్ములు తీసి, రోడ్డు తెరిచామని ట్రాఫిక్ వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. ఆ కబురు అందేదాకా డైవర్షన్ అలాగే ఉండిపోతుంది.