బ్రౌజర్ స్క్రీన్ రీడర్‌ను వాడి చూడాలంటే

స్క్రీన్ రీడర్ అంటే తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రామ్. బ్రౌజర్‌లోనే నడిచే స్క్రీన్ రీడర్‌కు పొలిమేర ఒక్కటే: తెరిచి ఉన్న వెబ్ పేజీ. ఆ లోపల ఉన్నంతసేపు చదువుతుంది, అడ్రస్ బార్‌లోకి వెళ్లగానే నోరు మూసుకుంటుంది. చాలామంది అక్కడే కంగారుపడి, ఇది పనిచేయడం లేదని తీసేస్తారు. పనిచేయకపోవడం వేరు, పొలిమేర దాటడం వేరు. ఆ తేడా చెవికి పట్టుబడితే, అది మీకు పనికొస్తుందో లేదో ఒక్క గంటలో తేల్చుకోవచ్చు. కింద చెప్పే కీలు విండోస్ మీద క్రోమ్ బ్రౌజర్, ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ వాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఎడ్జ్‌లో కూడా దాదాపు ఇవే పనిచేస్తాయి.

ముందు అది ఏ రకమో తెలుసుకోండి

ఒక రకం వెబ్‌సైట్ రూపంలో ఉంటుంది. 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన వెబ్‌ఎనీవేర్ ఈ కోవలోదే. కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. మీరు అడిగిన పేజీని దాని సర్వర్ తెచ్చుకుని, చదవడానికి వీలుగా మార్చి మీకు పంపేది. సదుపాయం బాగానే ఉంది కానీ, మీరు చదివేదీ టైప్ చేసేదీ మధ్యలో ఇంకొకరి సర్వర్ మీదుగా పోతుంది. ఇలా పనిచేసేది ఏదైనా సరే, పాస్‌వర్డ్ అడిగే పేజీని అందులో తెరవకండి.

రెండో రకం ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఇదే, ఈ వ్యాసమంతా ప్రధానంగా దీని గురించే.

క్రోమ్‌బుక్‌లో ఉండే క్రోమ్‌వాక్స్ సంగతి వేరు. కంట్రోల్+ఆల్ట్+జెడ్ నొక్కితే మొదలయ్యే ఆ రీడర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగం. పేజీలే కాదు, మెనూలూ సెట్టింగులూ అన్నీ చదువుతుంది. అది బాగా చదివిందని విని, విండోస్‌లో వేసుకునే ఎక్స్‌టెన్షన్ నుంచి అంతే ఆశిస్తే నిరాశే. క్రోమ్‌వాక్స్‌కు సిస్టమ్ లోపలి నుంచి అందే సమాచారం మామూలు ఎక్స్‌టెన్షన్‌కు అందదు.

ఎన్‌వీడీఏ, జాస్ లాంటి కంప్యూటర్ స్క్రీన్ రీడర్లు కూడా పేజీని నేరుగా చదవవు. ఏది బటన్, ఏది హెడింగ్, దేని పేరేమిటి అని బ్రౌజరే లెక్కకట్టి ఒక చెట్టులా పేర్చి వాటి చేతికిస్తుంది. ఎక్స్‌టెన్షన్‌కు ఆ చెట్టు దొరకదు. పేజీ కోడ్‌ను తానే చూసి, ఇది బటనై ఉంటుంది, దీని పేరిది అని తానే తేల్చుకోవాలి. ఒకే పేజీలో ఎన్‌వీడీఏ ఒక మాట చెప్పి ఎక్స్‌టెన్షన్ ఇంకో మాట చెప్పడానికి అసలు కారణం ఇదే.

వేసుకునే ముందు

కొత్తది మూగబోయినప్పుడు ఆదుకోవడానికి పాతది దగ్గర ఉండాలి. ఎన్‌వీడీఏను మూసేయకండి. అది లేని కంప్యూటరైతే విండోస్‌తో పాటే వచ్చే నరేటర్ ఉంటుంది: విండోస్+కంట్రోల్+ఎంటర్ నొక్కితే మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఈ కీలు వేళ్లకు అలవాటయ్యాకే ముందుకు వెళ్లండి.

క్రోమ్‌లో కొత్త ప్రొఫైల్ ఒకటి తెరవండి. కంట్రోల్+షిఫ్ట్+ఎమ్ నొక్కితే ప్రొఫైల్ మెనూ వస్తుంది. కొత్త ప్రొఫైల్‌లో మీ పాస్‌వర్డ్‌లు ఉండవు, వేరే ఎక్స్‌టెన్షన్లు అడ్డురావు, వద్దనుకుంటే మొత్తం ప్రొఫైల్‌నే తీసేయవచ్చు. స్క్రీన్ రీడర్ ఎక్స్‌టెన్షన్ అన్ని సైట్లలోని మీ డేటాను చదవడానికీ మార్చడానికీ అనుమతి అడుగుతుంది. అడగడం తప్పు కాదు, అది లేకుండా చదవలేదు. కానీ ఎవరు తయారుచేశారో తెలియని వాళ్లకు ఆ అనుమతి ఇస్తున్నారంటే కనీసం ఖాళీ ప్రొఫైల్‌లో ఇవ్వండి.

ఎక్స్‌టెన్షన్లు దొరికే క్రోమ్ వెబ్ స్టోర్ పేజీలో ఎక్స్‌టెన్షన్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో చూడండి. మ్యానిఫెస్ట్ వీ2 అనే పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లను క్రోమ్ 2024 నుంచి ఆపేస్తూ వచ్చింది. ఏళ్ల తరబడి అప్‌డేట్ లేనిది అసలు ఎక్కకపోవచ్చు.

ఎక్కించేటప్పుడు ఎన్‌వీడీఏతోనే పని కానివ్వండి. స్టోర్‌లో చేర్చే బటన్ నొక్కాక నిర్ధారణ డైలాగ్ వస్తుంది. తొందరపడి ఎంటర్ కొట్టకండి, ఫోకస్ (నొక్కిన కీ చేరే చోటు) రద్దు బటన్ మీద ఉండవచ్చు. ట్యాబ్ కొడుతూ అనుమతుల జాబితా విని, చేర్చే బటన్ దగ్గర ఆగి స్పేస్ నొక్కండి. అయ్యాక, అంతకుముందే తెరిచి ఉన్న ట్యాబ్‌లన్నిటినీ ఎఫ్5తో రీలోడ్ చేయాలి. ఎక్స్‌టెన్షన్ సాధారణంగా పేజీ లోడ్ అయ్యేటప్పుడే లోపలికి వెళుతుంది. పాత ట్యాబ్‌లో నోరు విప్పలేదంటే తొంభై పాళ్లు కారణం ఇదే.

రెండు గొంతులూ ఒకేసారి మాట్లాడితే

ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. ఎన్‌వీడీఏ+ఎస్ (ఎన్‌వీడీఏ కీ అంటే మామూలుగా ఇన్‌సర్ట్) నొక్కి మాట ఆపేసి, ఇక ఎన్‌వీడీఏ పక్కకు తప్పుకుందనుకుంటారు. అది తప్పుకోదు. నోరు మూసుకుంటుందే కానీ కీలను పట్టుకుంటూనే ఉంటుంది. హెడింగ్ కోసం మీరు నొక్కిన హెచ్ దాని బ్రౌజ్ మోడ్‌కే (అక్షర కీలతో పేజీలో తిరిగే పద్ధతికే) పోతుంది, ఎక్స్‌టెన్షన్ వరకు రాదు.

కావలసింది స్లీప్ మోడ్. క్రోమ్ విండోలో ఉండగా, డెస్క్‌టాప్ కీబోర్డ్ అమరికలో ఎన్‌వీడీఏ+షిఫ్ట్+ఎస్, ల్యాప్‌టాప్ అమరికలో ఎన్‌వీడీఏ+షిఫ్ట్+జెడ్ నొక్కండి. ఎన్‌వీడీఏ ఆ ఒక్క అప్లికేషన్‌లోనే నిద్రపోతుంది. ఆల్ట్+ట్యాబ్‌తో నోట్‌ప్యాడ్‌కు వెళ్లారా, మామూలుగా మాట్లాడుతుంది. తిరిగి క్రోమ్‌కు వస్తే మళ్లీ నిశ్శబ్దం. పరీక్షకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు: పేజీలో ఎక్స్‌టెన్షన్, మిగతా అన్నిచోట్లా ఎన్‌వీడీఏ. అడ్రస్ బార్‌లో ఏముందో వినాలంటే అదే కీతో నిద్రలేపి, విని, మళ్లీ నిద్రపుచ్చండి.

ఒకే ఒక్క కీని పేజీకి పంపాలంటే స్లీప్ మోడ్ అక్కర్లేదు. ఎన్‌వీడీఏ+ఎఫ్2 నొక్కి, తర్వాత ఆ కీ నొక్కితే చాలు. జాస్‌లో ఇదే పనికి ఇన్‌సర్ట్+3.

కీల గొడవ

ఎక్స్‌టెన్షన్‌కు ఇన్‌సర్ట్, క్యాప్స్ లాక్ లాంటి సొంత కీ ఉండటం కష్టం. అందుకని కంట్రోల్+ఆల్ట్ లాంటి జంటను మూలంగా పెట్టుకుని, దానికి హెచ్, ఎల్ లాంటి అక్షరాలు తగిలిస్తారు. ఈ జంట వల్ల మూడు చోట్ల తల నొప్పి వస్తుంది.

విండోస్ ఆల్ట్‌జీఆర్ కీని (కొన్ని కీబోర్డ్ అమరికల్లో కుడివైపు ఆల్ట్) కంట్రోల్+ఆల్ట్‌గానే చూస్తుంది. ఆల్ట్‌జీఆర్‌తో అదనపు అక్షరాలు వచ్చే కీబోర్డ్ అమరికలో మీరు ఒకటి టైప్ చేయబోతే ఎక్స్‌టెన్షన్ ఇంకేదో ఆజ్ఞ అనుకోవచ్చు. పరీక్ష సమయంలో ఇంగ్లీష్ అమరికకు మారండి. రెండోది, ఎన్‌వీడీఏ ఇన్‌స్టాల్ చేసినప్పుడు కంట్రోల్+ఆల్ట్+ఎన్‌ను తన ప్రారంభ కీగా పెట్టుకుంటుంది. ఎక్స్‌టెన్షన్‌లో ఎన్‌తో మొదలయ్యే ఆజ్ఞ ఉంటే, అది నొక్కిన ప్రతిసారీ ఎన్‌వీడీఏ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఏమీ క్రాష్ కాలేదు, భయపడకండి. మూడోది గూగుల్ డాక్స్: అక్కడ స్క్రీన్ రీడర్ సపోర్ట్ తెరిచే కీ కంట్రోల్+ఆల్ట్+జెడ్, అదే జంటతో.

ఏ ఎక్స్‌టెన్షన్‌కు ఏ కీ ఉందో చూడటానికి క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి కీబోర్డ్ షార్ట్‌కట్స్ విభాగానికి వెళ్లండి. కొన్ని కీలు అక్కడ మార్చుకోవచ్చు. పేజీ లోపల తిరిగే కీలు మాత్రం సాధారణంగా ఆ ఎక్స్‌టెన్షన్ సొంత సెట్టింగుల్లో ఉంటాయి.

గొంతు

ఎక్స్‌టెన్షన్ దగ్గర సొంత గొంతు ఉండటం అరుదు. కంప్యూటర్‌లో ఉన్నవో, బ్రౌజర్ నెట్ ద్వారా తెచ్చేవో వాడుకుంటుంది. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతులో తెలుగు ఉంది కానీ, అది ఎన్‌వీడీఏ సొత్తు, బ్రౌజర్‌కు కనిపించదు. అందుకే ఎన్‌వీడీఏ చక్కగా చదివే తెలుగు పేజీ దగ్గర ఎక్స్‌టెన్షన్ అంకెలూ ఇంగ్లీష్ మాటలూ మాత్రం చదివి, తెలుగంతా మింగేస్తుంది. ఎడ్జ్‌లో మోహన్, శ్రుతి అని రెండు తెలుగు గొంతులు నెట్ ద్వారా వస్తాయి. తెలుగు ఎక్కువగా చదివేవాళ్లు పరీక్షను ఎడ్జ్‌లో మొదలుపెట్టడం మేలు.

నెట్ గొంతులకు రెండు లోపాలున్నాయి. కీ నొక్కాక మాట రావడానికి ఆలస్యం, పొడుగు పేరా మధ్యలో చెప్పకుండా ఆగిపోవడం. పేరా సగంలో ఆగితే పేజీలో తప్పు వెతక్కండి. కంప్యూటర్‌లోనే ఉన్న గొంతుకు మార్చి అదే పేరా మళ్లీ వినండి. వెబ్‌సైట్ రూపంలోని రీడర్ అయితే ఇంకో చిక్కు: మీరు ఏదైనా కీ నొక్కేదాకా పేజీని మాట్లాడనివ్వకుండా క్రోమ్ ఆపుతుంది. తెరవగానే మౌనంగా ఉంటే స్పేస్ నొక్కండి. ఎస్కేప్ ఈ పనికి చెల్లదు.

అరగంట పరీక్ష

తెలుగు వికీపీడియాలో పెద్ద వ్యాసం ఒకటి తెరవండి. హెడింగులు, లింకులు, పట్టికలు, రెండు భాషల మాటలు అన్నీ ఒక్కచోట దొరుకుతాయి. ముందు ఎన్‌వీడీఏతో హెచ్ నొక్కుతూ హెడింగులు లెక్కపెట్టుకోండి. తర్వాత ఎక్స్‌టెన్షన్‌తో లెక్కపెట్టండి. రెండు లెక్కలూ కలవాలి, స్థాయి సంఖ్యలు కూడా. కలవకపోతే మిగతా పరీక్షకు టైమ్ పెట్టనక్కర్లేదని మా అభిప్రాయం. హెడింగులే పట్టుకోలేనిది ఫారమ్‌లను నెగ్గుకురాలేదు.

పట్టికలో గడి నుంచి గడికి కదలండి. గడిలోని మాటతో పాటు ఆ నిలువు వరుస శీర్షిక కూడా చెప్పాలి. వట్టి అంకెలే చదివితే నాలుగో గడి దాటేసరికి అది దేని అంకో మీకు గుర్తుండదు.

ఫారమ్‌ల దగ్గర నిదానంగా ఉండండి, అసలు తేడా బయటపడేది అక్కడే. ప్రతి గడికీ పేరు చెబుతోందా? చెక్‌బాక్స్ మీద స్పేస్ కొట్టగానే గుర్తు పడిందని చెబుతోందా, లేక అటూ ఇటూ వెళ్లి వస్తేనే చెబుతోందా? కాంబో బాక్స్ (ఎంపికల జాబితా తెరుచుకునే గడి) తెరిచి బాణం కీలు నొక్కితే ఒక్కో ఎంపికా వినిపిస్తోందా? పాస్‌వర్డ్ గడిలో ఉత్తుత్తి మాట టైప్ చేయండి. అక్షరాలు బయటికి చదివితే ఆ ఎక్స్‌టెన్షన్‌ను అప్పుడే తీసేయండి. తర్వాత ఒక తప్పనిసరి గడిని ఖాళీగా వదిలి ఫారమ్ పంపండి. తప్పు సందేశం దానంతటదే వినిపించాలి.

బాగున్న పేజీలో అన్నీ బాగానే చదువుతాయి. చెడ్డ పేజీలో ఎలా చదువుతుందో తెలియాలంటే వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ వారి బిఫోర్ అండ్ ఆఫ్టర్ డెమాన్‌స్ట్రేషన్ వాడండి. ఒకే సైట్‌ను అడ్డంకులతో ఒకసారి, సరిచేసి ఒకసారి చూపిస్తుంది.

చివరిగా క్రోమ్‌లో షిఫ్ట్+ఎస్కేప్ నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మీ ఎక్స్‌టెన్షన్ వరుసను ఎన్‌వీడీఏతో విని, మీరు ఏమీ చేయనప్పుడు కూడా ప్రాసెసర్‌ను తింటోందేమో చూడండి. పాత కంప్యూటర్లలో టైపింగ్ వెనకబడటానికి ఇదొక కారణం.

మూగబోయినప్పుడు వెతకాల్సిన వరుస

ముందు ఎఫ్6 రెండు మూడుసార్లు నొక్కి చూడండి. ఫోకస్ అడ్రస్ బార్‌లోనో టూల్‌బార్‌లోనో ఉంటే మళ్లీ పేజీలోకి వస్తుంది. రాకపోతే ఎఫ్5. అప్పటికీ మాట్లాడకపోతే, మీరున్నది ఎక్స్‌టెన్షన్‌కు ప్రవేశం లేని పేజీ కావచ్చు: క్రోమ్ సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్ల స్టోర్, బ్రౌజర్‌లోనే తెరుచుకున్న పీడీఎఫ్. కంప్యూటర్‌లో దాచుకున్న హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైళ్లకూ, ఇన్‌కాగ్నిటో విండోకూ వేరుగా అనుమతి ఇవ్వాలి. ఆ రెండు స్విచ్‌లూ ఎక్స్‌టెన్షన్ వివరాల పేజీలోనే ఉంటాయి. సైట్ యాక్సెస్ ఎంపిక కూడా అక్కడే ఉంటుంది. అది క్లిక్ చేసినప్పుడు మాత్రమే అని ఉంటే ప్రతి సైట్‌లోనూ మూగగానే ఉంటుంది.

పేజీ అంతా చదివి ఒక్క ముక్క దగ్గర ఆగిపోతే, ఆ ముక్క వేరే సైట్ నుంచి వచ్చి ఫ్రేమ్‌లో కూర్చున్నదై ఉంటుంది. డబ్బు చెల్లించే గడులూ క్యాప్చాలూ తరచూ ఇలాగే వస్తాయి. ఎక్స్‌టెన్షన్ ఆ ఫ్రేమ్‌లోకి వెళ్లేలా రాసి ఉండకపోతే మీరు చేయగలిగింది లేదు. వెంటనే ఎన్‌వీడీఏను నిద్రలేపి దానితో పూర్తి చేయండి, కార్డు నంబర్ సగం టైప్ చేశాక కాదు. గూగుల్ డాక్స్‌లాగా అక్షరాలను బొమ్మలా గీసే పేజీల్లోనూ ఇదే తీరు. ఫైల్ జతచేసే డైలాగ్, ప్రింట్ డైలాగ్ పేజీ కావు కాబట్టి అక్కడ దాని నుంచి మాట ఆశించకండి.

రోజూ ఎన్‌వీడీఏ వాడేవాళ్లు దాని స్థానంలో ఈ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవాలని మేము చెప్పం. ఇన్‌స్టాల్ చేయనివ్వని కంప్యూటర్ దగ్గర కూడా ముందు నరేటర్‌ను లేపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న పోర్టబుల్ ఎన్‌వీడీఏ నడవనిస్తారేమో చూడండి. కొంత చూపు ఉండి పొడుగు వ్యాసాలు మాత్రమే వినాలనుకునేవాళ్లకూ, తమ పేజీ ఎలా వినిపిస్తుందో వినాలనుకునే డెవలపర్లకూ ఇది బాగా పనికొస్తుంది. డెవలపర్లు మాత్రం ఇందులో సరిగా వినిపించిందని సంబరపడకుండా ఎన్‌వీడీఏతో ఇంకోసారి వినాలి.

పరీక్ష ముగించేటప్పుడు క్రోమ్‌లో ఎన్‌వీడీఏ స్లీప్ మోడ్ తీసేయండి. ఎక్స్‌టెన్షన్ల పేజీలో తొలగించు బటన్ నొక్కి, మిగిలిన ట్యాబ్‌లు ఎఫ్5తో రీలోడ్ చేయండి. లేకపోతే తీసేసిన ఎక్స్‌టెన్షన్ ముక్కలు పాత ట్యాబ్‌లో ఉండిపోయి ఇంకా కీలను పట్టుకుంటూ ఉండవచ్చు.