మేకల పంపిణీ: మొదటి పెంటి (ఆడ) పిల్ల ఇంకో ఇంటికి చేరేదాకా ఎలా నడపాలి?

టెంటు, మైకు, బ్యానరు. వరుసగా నిలబెట్టిన ఆడవాళ్ల చేతుల్లో మేకల తాళ్లు. ఫొటో తీసుకుని అందరూ కారెక్కుతారు. ఆరు నెలల తర్వాత ఆ ఊరికి వెళ్తే సగం ఇళ్లలో మేకలుండవు. కొన్ని పారుడు రోగానికి పోయుంటాయి, కొన్ని ఆసుపత్రి ఖర్చుకి అమ్ముడైపోయుంటాయి. "వీళ్లకి ఏమిచ్చినా ఇంతే" అని ఇచ్చినవాళ్లే తేల్చేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఉత్తరాంధ్రలో మెంటాడ, గంట్యాడ కొండ వార ఊళ్లలో, అటు మెళియాపుట్టి వైపు పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మేకలు నిలవని ప్రతి చోటా లోపం ఇచ్చిన పద్ధతిలోనే కనిపించింది.

సరంజామా గురించి ఎక్కువ చెప్పను. వెదురు తడికలతో నేల నుంచి రెండడుగుల ఎత్తున మంచె, పెద్ద మేకకి పది చదరపు అడుగుల చోటు. మన వైపు వానలకి తడి నేల మీద కడితే గిట్టలు కుళ్లుతాయి, పురుగులు పడతాయి. తాళ్లు, గుర్తుకి వేసే చెవి పోగులు, టింక్చర్ అయోడిన్, కడుపులో పురుగులకి తాగించే నట్టల మందు, ఒక లాంగ్ నోట్‌బుక్. అంతే.

కుటుంబాలని డ్వాక్రా సంఘమే ఎంచాలి, మనం కాదు. పేర్లు మీటింగులో అందరి ముందు పైకి చదవాలి. సెంటు భూమి లేనివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు ముందు. ఇంటిల్లిపాదీ చెన్నైకో హైదరాబాదుకో పనులకి వలసపోయే ఇంటికి ఇవ్వకూడదు. ముసలివాళ్లు ఇంటి దగ్గర ఉంటే మాత్రం నిశ్చింతగా ఇవ్వండి, వాళ్లంత బాగా మేకని చూసేవాళ్లు ఉండరు. అదే మీటింగులో మేత సంగతీ తేల్చుకోవాలి. వానాకాలం పంటలున్నన్నాళ్లు మేకలని కట్టేసి రొట్ట కోసి వెయ్యాలి, జీడి మొక్కల వైపు తోలకూడదు. ఒక్క మేక పక్కవాళ్ల జీడి మొక్క చిగురు కొరికితే చాలు, సంఘం రెండు ముక్కలవుతుంది.

ఇక కొనడం. సంతలో కొనకండి. మానాపురం సంతన్నా నారాయణవలస సంతన్నా నాకు ఇష్టమే, కానీ పదూళ్ల జీవాలు ఒకచోట చేరితే పదూళ్ల రోగాలూ చేరతాయి. పొద్దున్నే నీళ్లు బాగా తాగించి పొట్టలు నింపి తెచ్చే బేరగాళ్లూ ఉంటారు. ఇరవై కిలోమీటర్ల లోపు ఊళ్లలో, ఇళ్ల దగ్గరే కొనండి. ఒక ఈత ఈనిన మేకే కొనాలి. ఈననిదాన్ని కొంటే అది గొడ్డుదో కాదో ఎవరికి తెలుసు? నిండు చూడిదాన్ని ఆటో ఎక్కిస్తే ఈసుకుపోతుంది, అంటే కడుపు పోతుంది.

చూసే పద్ధతి చెబుతాను. మేక తలని మోకాళ్ల మధ్య పట్టుకుని, బొటనవేలితో కింది కనురెప్పని మెల్లగా కిందికి లాగండి. లోపల దానిమ్మ గింజలా ఎర్రగా ఉంటే తీసుకోండి. సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంటే కడుపులో పురుగులు రక్తం తాగేస్తున్నాయని అర్థం, ఎంత బలంగా కనిపించినా వదిలేయండి. తర్వాత నోరు తెరిచి పళ్లు చూడండి. ముందు రెండు పెద్ద పళ్లు వచ్చాయంటే ఏడాది దాటింది, నాలుగు ఉంటే సుమారు రెండేళ్లు. ఎనిమిదీ వచ్చి అరిగిపోయిన దాన్ని ఎవరింటికీ పంపకండి.

కొన్న ఇంటి దగ్గరే పీపీఆర్ (పారుడు రోగం) టీకా వేయించి, రెండు వారాలు ఆగి తీసుకురావాలి. టీకా పట్టడానికి అంత సమయం పడుతుంది. టీకా వేసిన రోజే పంపిణీ పెట్టుకునేవాళ్లని చూస్తే బాధేస్తుంది. ఇంటికి రెండు పెంటి మేకలు తక్కువ కాకుండా ఇవ్వండి. ఒంటరి మేక రోజంతా అరుస్తూ మేత మానేస్తుంది. వరి కోతలయ్యాక ఇస్తే మంచిది, అప్పుడు పొలాలన్నీ మేతకి ఖాళీగా ఉంటాయి.

ఇంతవరకూ అందరూ చేయగలరు. అసలు కష్టం పిల్ల చేతులు మారే దగ్గర ఉంది. తీసుకున్న కుటుంబం మొదటి పెంటి పిల్లని పెంచి ఇంకో పేద కుటుంబానికి ఇవ్వాలన్నదే ఈ పని మొత్తానికి ప్రాణం. ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు డాన్ వెస్ట్ అనే అమెరికా రైతు. స్పెయిన్ అంతర్యుద్ధం రోజుల్లో పిల్లలకి గ్లాసులతో పాలు పంచుతూ, గ్లాసు పాలకన్నా ఆవునే ఇస్తే ఇల్లు నిలబడుతుంది కదా అనుకున్నాడు. 1944లో 17 పెయ్యలు ఓడలో ప్యూర్టోరికో వెళ్లాయి. అదే తర్వాత హైఫర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ అయింది. మన ఊళ్లలో ఇది కొత్తగా నేర్పాల్సిన సంగతి కాదు. జీవాలని పాలుకి (వాటాకి) ఇచ్చి, పుట్టిన పిల్లల్లో సగం తీసుకోవడం తాతల నాటి నుంచీ ఉన్నదే. పాలులో పిల్ల ఉన్నవాడి ఇంటికి వెళ్తుంది, ఇక్కడ లేనివాడి ఇంటికి వెళ్తుంది. ఊళ్లో నేను ఈ ఒక్క మాటే చెబుతాను, వెంటనే అర్థమైపోతుంది.

అర్థమైనంత మాత్రాన జరగదు. అందుకే మొదటి రోజే జతలు కట్టాలి. మేక తీసుకునే ప్రతి ఇంటికీ, తర్వాత పిల్ల తీసుకోబోయే ఇల్లు ఏదో అప్పుడే నోట్‌బుక్‌లో పేరు రాసి ఇద్దరిచేతా వేలిముద్రలు వేయించాలి. ఈ ఒక్క పని చేయకపోతే మిగతావన్నీ వృథా. జత కట్టిన రోజు నుంచీ ఆ రెండో ఇంటామె మేకని తనదిలాగే చూస్తుంది. మేక కుంటితే ముందు ఆమే వచ్చి చెబుతుంది, రొట్ట తెస్తుంది, ఈనినప్పుడు దగ్గరుండి అరగంటలో ముర్రుపాలు తాగించి, బొడ్డుకి అయోడిన్ రాస్తుంది. నెలకోసారి వెళ్లే మనకన్నా ఆ కాపలా వంద రెట్లు నయం.

రూల్సు కూడా అదే రోజు తేలిపోవాలి, గొడవ వచ్చాక కాదు. పోతు పిల్లలే పుడితే? రెండో ఈత దాకా ఆగాలి. అప్పుడూ పోతులే అయితే వాటిని పెంచి, కనుమకి మంచి రేటు ఉన్నప్పుడు అమ్మి, ఆ డబ్బుతో పెంటి పిల్లని కొనివ్వాలి. తల్లి మేక చచ్చిపోతే? అదే రోజు సంఘానికి చెప్పి, డాక్టరుకి చూపించి, చెవి పోగు అప్పగిస్తే ఆ ఇంటి మీద బాకీ ఉండదు. చెప్పకుండా అమ్మేస్తే? అది సంఘం తేల్చాలి, మనం మధ్యలో మాట్లాడకూడదు. ఒకసారి నేను మాట్లాడాను. బిడ్డ జ్వరానికి మేకని అమ్ముకున్న తల్లి చేత రెండేళ్లలో తీరుస్తానని సంఘమే ఒప్పించింది. నేను అడ్డుపడి ఆర్నెల్లన్నాను. ఆమె మీటింగులకి రావడమే మానేసింది. ఆ తప్పు నాదే.

చేతులు మారేనాటికి పిల్ల కనీసం నాలుగు నెలలది కావాలి, పాలు మరిచి ఉండాలి, టీకా, నట్టల మందు పడి ఉండాలి. రెండు పిల్లలుంటే ఎంచుకునే హక్కు తీసుకునేవాళ్లది. ఇచ్చేవాళ్లకి వదిలేస్తే నీరసపు పిల్లే వెళ్తుంది. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు, ఎవరైనా అంతే చేస్తారు.

పిల్లని ఇచ్చే రోజు తాడు మీ చేతిలో ఉండకూడదు. అధికారి చేతిలోనూ, దాత చేతిలోనూ ఉండకూడదు. ఇచ్చే ఇంటామె పిల్లకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తన చేత్తో పక్కింటామె చేతిలో పెట్టాలి. మెంటాడ వైపు ఒక ఊళ్లో అరవై దాటిన ముసలమ్మ అలా ఇచ్చింది. తాడు వదిలాక కూడా ఆ పిల్ల చెవిని రెండు వేళ్లతో నిమురుతూనే ఉంది. "ఇన్నాళ్లూ ఒకలి కాడ తెచ్చుకోడమే గానీ ఒకలికి ఇచ్చినదాన్ని కాదు బావూ" అంది. అప్పటి నుంచీ ఆమె సంఘం మీటింగులో వెనక వరుసలో కూర్చోలేదు.

కొందరు ఒకేసారి గేదెలిస్తే పోలేదా అంటారు. మేత, నీళ్లు, పాలకేంద్రం ఉన్న ఊళ్లో ఇవ్వండి. సెంటు భూమి లేని ఇంట్లో గేదె చస్తే ఆ ఇల్లు అప్పులో మునుగుతుంది. మేక చూలు ఐదు నెలలే, కాబట్టి నష్టం వచ్చినా తేరుకోవడం త్వరగా జరుగుతుంది.

తర్వాత మిగిలేవి చిన్న పనులు. ఊళ్లో ఒక చదువుకున్న అమ్మాయికి పశుసఖిగా, అంటే ఊరి జీవాల బాగోగులు చూసే మనిషిగా, శిక్షణ ఇప్పించండి. నట్టల మందు వానలకి ముందొకసారి, తర్వాత ఒకసారి. చూడి మొదటి నెలలో ఆల్బెండజోల్ అనే నట్టల మందు తాగించకూడదు. జీవానికి బాగోకపోతే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయాలని ప్రతి ఇంటి గోడ మీదా బొగ్గుతోనైనా రాయించండి. పాతిక మేకలకి ఒక పోతు చాలు, కానీ రెండేళ్లకోసారి పక్క ఊరి సంఘంతో మార్చుకోవాలి. లేకపోతే తండ్రే కూతుళ్ల మీద పడి పిల్లలు గిటకబారిపోతాయి. పోతుని మార్చే తేదీ కూడా ఆ లాంగ్ నోట్‌బుక్‌లోనే, జతల పేజీ పక్కన రాసుకోండి.