థండర్‌బోల్ట్ రాక్ ఎక్కే ముందు జాగ్రత్తలు

ఆస్ట్రేలియాలో సిడ్నీ నుంచి న్యూ ఇంగ్లండ్ హైవే మీద ఉత్తరంగా వెళ్తుంటే, ఉరల్లా ఊరికి కాస్త ముందు రోడ్డు పక్కనే ఈ గ్రానైట్ బండలు కనిపిస్తాయి. 1863లో కొకాటూ దీవి జైలు నుంచి తప్పించుకున్న బందిపోటు ఫ్రెడరిక్ వార్డ్ (‘కెప్టెన్ థండర్‌బోల్ట్’ అతని మారుపేరు) ఇక్కడ టపా గుర్రపు బండి కోసం కాపు కాశాడు. ఆ ఏడాదే ఇక్కడ పోలీసు తూటా అతని మోకాలికి తగిలింది. చూసి తీరాల్సిన చోటు, అయితే చూసుకుని వెళ్లండి.

- హైవేపై లారీలు వేగంగా వస్తాయి. ముందే ఇండికేటర్ వేసి నెమ్మదిగా పక్కకు తిప్పండి.
- గ్రిప్ ఉన్న బూట్లు తప్పనిసరి. వాన పడితే, మంచు కురిస్తే ఎక్కనే వద్దు. నాచు పట్టిన గ్రానైట్ మీద కాలు నిలవదు. పిల్లల చెయ్యి వదలకండి.
- ఎండాకాలంలో, అంటే అక్కడ డిసెంబర్, జనవరిలో, బండల సందుల్లో చెయ్యి పెట్టొద్దు, పాములుంటాయి. కాటేస్తే గాయం కడగకూడదు. కదలకుండా ఉండి, కాలికో చేతికో మొత్తం బిగుతుగా బ్యాండేజీ చుట్టి అక్కడి అత్యవసర నంబర్ 000కి ఫోన్ చేయాలి. ఆ బ్యాండేజీ కారులో కాదు, జేబులో ఉండాలి.
- బండల మీద పేర్లు రాయకండి, దయచేసి.
- చీకటి పడకముందే బయల్దేరండి. సందె వేళ కంగారూలు రోడ్డుకు అడ్డం దూకుతాయి.