దుబాయ్‌లో కొత్తగా దిగిన సార్లకు, మేడమ్‌లకు తిరుపతి నుంచి ఒక పీఏ సూచనలు

మా సార్ దుబాయ్‌లో దిగిన రోజు నేను ఆఫీసులో ఫోన్ ముందర పెట్టుకుని కూర్చున్నాను. దిగగానే వాట్సాప్‌లో కాల్ చేస్తానన్నారు. పదిన్నర దాటింది, పదకొండు దాటింది, ఫోన్ మోగలేదు. చివరికి "చేస్తూనే ఉన్నానమ్మా, కలవడం లేదు" అని మెసేజ్ వచ్చింది. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు వెళ్తాయి కానీ కాల్స్ కలవవని మా ఇద్దరికీ తెలియదు. అప్పటి నుంచి మైక్రోసాఫ్ట్ టీమ్స్ యాప్‌లో మాట్లాడుకుంటున్నాం. మీరు విమానం ఎక్కకముందే ఆ యాప్ ఇద్దరి ఫోన్లలో వేసుకుని, ఒకసారి మాట్లాడి చూసుకోండి.

విజిటింగ్ కార్డు మీద నా ఉద్యోగం ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్. తిరుపతిలో అందరూ పీఏ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. మా కంపెనీ చిత్తూరు దగ్గర ఫ్యాక్టరీలో మామిడి గుజ్జు తీసి గల్ఫ్‌కు పంపుతుంది. దుబాయ్ ఆఫీసు చూసుకోవడానికి సార్ వెళ్లారు, నేను ఇక్కడే ఉండిపోయాను. మీలోనూ చాలామంది తిరుపతిలోనో చిత్తూరులోనో ఉన్న పీఏతోనే పని నడపాలి. మొదటి ఏడాది మేము పడిన ఇబ్బందులు మీరు పడకూడదని ఇది రాస్తున్నాను.

ముందు ఇద్దరి వారాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. యూఏఈ ప్రభుత్వ ఆఫీసులకు 2022 జనవరి నుంచి శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒంటిపూట. చాలా ప్రైవేటు కంపెనీలూ శని, ఆదివారాలే సెలవు ఇస్తున్నాయి. మా గుజ్జు కొనే పార్టీ ఉన్న సౌదీలో శుక్ర, శనివారాలు సెలవు. మా ఫ్యాక్టరీకి ఆదివారం ఒక్కటే, సీజన్‌లో అదీ ఉండదు. అంటే మూడు చోట్లా పూర్తిగా పని జరిగేది సోమవారం నుంచి గురువారం వరకు, నాలుగే రోజులు. ముగ్గురూ కూర్చోవాల్సిన మీటింగులు ఆ నాలుగు రోజుల్లోకి సర్దడమే నా పనిలో పెద్ద భాగం.

దుబాయ్ టైము మనకన్నా గంటన్నర వెనక, సౌదీలోని రియాద్ రెండున్నర గంటలు వెనక. మీకు ఉదయం 9 అయ్యేసరికి మాకు 10:30. ఆ గంటన్నర నాకు బంగారం. మెయిల్స్ అన్నీ చదివి, ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, మీరు మాత్రమే తేల్చాల్సినవి ఏవో ఒక పేజీలో రాసి పెడతాను. 10:30కి పది నిమిషాలు మాట్లాడుకుంటాం. ఆ పది నిమిషాలు తప్పిన రోజు సాయంత్రం దాకా మెసేజ్‌లు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి.

మీకు సాయంత్రం 5 అంటే ఇంకా ఆఫీసు టైమే. నాకు 6:30, చంద్రగిరి బస్సులో నిలబడి ఉంటాను. "ఒక చిన్న పనమ్మా" అని ఫోన్ వస్తే ఎత్తుతాను, కానీ ఒక చేత్తో కడ్డీ పట్టుకుని కంటైనర్ నంబరు రాసుకోలేను. తొందర లేనిదైతే "రేపు" అని రాసి మెసేజ్ పెట్టండి. అర్జంటయితే ఆ మాటే ముందు చెప్పండి.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది. పని చెప్పేటప్పుడు ఎందుకో కూడా చెప్పండి. సార్ పక్క గదిలో ఉన్నప్పుడు దాని అవసరం తెలియలేదు. ఎవరు వచ్చి వెళ్లారు, ఫోన్‌లో ఎవరితో గొంతు పెంచారు, ఏ ఫైలు రెండోసారి తెప్పించుకున్నారు, ఇవన్నీ చూసి సగం విషయం నాకే అర్థమయ్యేది. సముద్రం దాటి వెళ్లాక నాకు మిగిలింది ఆయన చెప్పే నాలుగు ముక్కలే.

మొదటి సీజన్‌లో ఒక రోజు "రేపటి సౌదీ మీటింగ్ రెండు రోజులు వెనక్కి జరుపు" అని వాయిస్ మెసేజ్ వచ్చింది. అంతకుమించి ఒక్క మాట లేదు. నేను "సార్‌కు వేరే పని పడింది" అని ఆ పార్టీకి రాశాను. ఎన్నో ఏళ్లుగా మా దగ్గర కొంటున్నవాళ్లు. మాకన్నా పెద్ద పార్టీ దొరికిందా అని బాధపడ్డారు. అసలు సంగతి ఏమిటంటే, ఆ వారం చిత్తూరులో తోతాపురి మామిడికాయ ధర ఇంకా తేలలేదు. కాయ ధర తెలియకుండా గుజ్జు రేటు చెప్పలేక సార్ ఆగారు. ఆ మాట నాకు తెలిసి ఉంటే "కాయ ధర స్థిరపడగానే సరైన రేటుతో మీ ముందుకు వస్తాం" అని రాసేదాన్ని, వాళ్లూ సంతోషంగా ఆగేవాళ్లు. వాళ్లకు సర్దిచెప్పడానికి మాకు నెల పట్టింది. నాకు చెప్పకూడని విషయమైతే "కారణం తర్వాత చెప్తాను" అనండి చాలు. అప్పుడు నేను సొంతంగా ఒక కారణం కల్పించి రాయను.

ఏది నేను తేల్చవచ్చో, ఏది మిమ్మల్ని అడగాలో మొదటి వారంలోనే మాట్లాడుకోవాలి. మా పద్ధతిలో టికెట్లు, హోటళ్లు, మీటింగ్ టైములు నావి. రేటు, డెలివరీ తేదీ, మనుషుల జీతాలు సార్‌వి. మధ్యలో ఉండేవి మొదటి నెల అడిగి చేశాను, రెండో నెల నుంచి చేసి చెప్తున్నాను. నేను చేసింది నచ్చకపోతే నాతోనే చెప్పి నా చేతనే మార్పించండి. నాకు తెలియకుండా మీరు నేరుగా ఫ్యాక్టరీ మేనేజర్‌కు ఫోన్ చేసి మార్చేస్తే, మర్నాటి నుంచి ఆయన నా మాట లెక్కచేయరు. అప్పుడు ప్రతి చిన్న విషయానికీ మీరే ఫోన్ చేయాల్సి వస్తుంది.

ఓటీపీల గురించి కాస్త నిష్ఠూరంగానే చెప్తాను. ఇండియా సిమ్ ఉన్న ఫోన్ పీఏ చేతిలో పెట్టి, బ్యాంకు పాస్‌వర్డ్ కూడా చెప్పి వెళ్లేవాళ్లు ఉన్నారు. నమ్మకంతోనే ఇస్తారు, కాదనను. కానీ రేపు ఒక్క రూపాయి తేడా వచ్చినా అనుమానం ముందు వచ్చేది మా మీదే. కంపెనీ నెట్ బ్యాంకింగ్‌లో ఒకరు పేమెంట్ తయారు చేస్తే ఇంకొకరు ఆమోదించే ఏర్పాటు ఉంటుంది. తయారు చేయడం మాకు, ఆమోదించడం మీకు ఉంచండి. మెయిల్‌కూ పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు. జీమెయిల్‌లోనూ అవుట్‌లుక్‌లోనూ మీ తరఫున చదివి జవాబు రాసే అనుమతి విడిగా ఇవ్వవచ్చు. డిజిటల్ సంతకం ఉన్న యూఎస్‌బీ టోకెన్ నా సొరుగులో వదిలి వెళ్లబోతే నేను ఒప్పుకోలేదు. అది చట్టం ముందు సార్ చేతి సంతకంతో సమానం.

ఎమిరేట్స్ ఐడీ (యూఏఈ గుర్తింపు కార్డు), వేలిముద్రలు, అద్దె అగ్రిమెంటు రిజిస్ట్రేషన్ లాంటివి మేము ఇక్కడి నుంచి చేయలేం. దుబాయ్‌లో ఆ పనులు చూసేవారిని పీఆర్‌ఓ అంటారు, వారి నంబరు మాకు ఇవ్వండి. డిగ్రీ కాగితాల అటెస్టేషన్ మేము మొదలుపెట్టగలం. ఒక్క ముద్రతోనే దేశాల మధ్య కాగితాలు చెల్లే అపోస్టిల్ ఒప్పందంలో యూఏఈ లేదు కాబట్టి మన విదేశాంగ శాఖ ముద్రతో పాటు వాళ్ల ఎంబసీ ముద్ర కూడా కావాలి, దానికి రోజులు పడుతుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు, మన వైపు ఇది మామూలే. ఎక్కడైనా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయమని పీఏకు చెప్పండి.

తిరుపతి పీఏలకు మాత్రమే ఉండే పని ఇంకొకటి ఉంది. మీది తిరుపతి అని తెలియగానే అక్కడ ప్రతి ఒక్కరూ దర్శనం అడుగుతారు. "మా పీఏ చూసుకుంటుంది" అని మాట ఇచ్చేయకండి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు టీటీడీ దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో ఇస్తుంది, అవి త్వరగా అయిపోతాయి. బ్రహ్మోత్సవాల రోజుల్లో సిఫార్సు ఉత్తరాలు తీసుకోరు. మూడు నెలల ముందు చెబితే బుకింగ్ తెరిచే రోజు వాళ్లకు గుర్తుచేస్తాను, టికెట్ వాళ్ల పేరు మీద వాళ్లే తీసుకుంటారు. వచ్చే వారమే కావాలంటే నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇంట్లో పెద్దవాళ్లను వదిలి వెళ్లినవాళ్ల బెంగ నాకు తెలుసు. సార్ వాళ్ల అమ్మగారిని ఒకసారి నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను, సాయంత్రం దాకా పక్కనే ఉన్నాను. మళ్లీ అవసరమైనా వెళ్తాను. కానీ ఆ రోజు చెన్నై పోర్టుకు వెళ్లాల్సిన కాగితాలు నా బల్ల మీదే ఉండిపోయాయి. ఇలాంటి పనులు కూడా ఉంటాయని ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే చెప్పండి. నేను లేని పూట ఆఫీసు పని ఎవరు చూడాలో కూడా ముందే అనుకోండి. మే నెలలో గంగజాతరకు నేను సెలవు పెడతాను. ఆ వారం కోసం అకౌంట్స్ అమ్మాయికి షిప్‌మెంట్ ఫైళ్లు ఇప్పటికే నేర్పించాను.

సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు ఇల్లు, కొండ, చుట్టాలతోనే రోజులు గడిచిపోతాయి. అందులో ఒక పూట ఆఫీసుకు రండి. టీమ్స్‌లో చూపించలేనివి, మీ సంతకం కోసం ఎదురుచూస్తున్నవి ఒక కట్ట కట్టి పెట్టి ఉంటాను. వాటిని ఎదురెదురుగా కూర్చుని చూసుకోవాలి.