వాన పడేలోపు మీ పాత పాలియో 1.6కు చేయాల్సినవి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్లే పగిలే ఎండకు ఇరవయ్యేళ్ల రబ్బరు గొట్టం పగలకుండా ఉంటుందా? మీ దగ్గర ఇంకా ఫియట్ పాలియో 1.6 జీటీఎక్స్ ఉంటే, మృగశిర రాకముందే ఒక ఆదివారం మొత్తం దానికే ఇచ్చేయండి. నేను 2003లో కొన్న కారుకు ఏటా ఆ ఒక్క ఆదివారం ఇస్తూ పదిహేడు వానాకాలాలు దాటించాను. చివరి ఏడాది, అదీ వానలు అయిపోయాయనుకున్నాక, ఒక ఉదయం తొందరపడ్డాను. ఆ సంగతి కిందకి వచ్చాక చెప్తాను.

ఈ కారు సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. పాలియో మన దేశంలోకి 2001లో వచ్చింది. సచిన్ టెండూల్కర్ ప్రకటనలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఎక్కువమంది కొన్నది 1.2 లీటర్ల కారు. అదే ఒంటితో వచ్చిన 1.6 జీటీఎక్స్ మాత్రం వేరే జాతి. 1596 సీసీ, 16 వాల్వులు, 100 హార్స్‌పవర్. వీధిలో తిరిగే చిన్నకార్లకు 50, 60 ఉంటే గొప్ప అనుకునే రోజులవి. అంకెల కంటే నాకు గుర్తుండిపోయింది దాని లాగుడు. శ్రీశైలం రోడ్డులో దోమలపెంట దాటాక మలుపు మలుపుకీ గేరు మార్చే పని ఉండేది కాదు. మూడో గేరులో ఉంచి కాలు ఆనిస్తే చాలు, ఎక్కడా నీరసపడకుండా ఎక్కేసేది. 4,000 ఆర్‌పీఎం దాటాక గొంతు మారేది. కిటికీ అద్దం దించి, కొండగోడకు తగిలి వెనక్కి వచ్చే ఆ చప్పుడు వినడానికే నేను ఏసీ ఆపేసేవాణ్ని. సిటీలో లీటరుకు ఎనిమిదో తొమ్మిదో ఇచ్చేది. అందుకు ఒక్కరోజూ బాధపడలేదు.

ఆ ఇంజన్‌లో ఇనుము గట్టిది. ముసలితనం ముందు వచ్చేది దాని చుట్టూ ఉన్న రబ్బరుకు. బెల్టు, గొట్టాలు, సీళ్లు, తలుపుల బీడింగు, టైర్లు. వాన వెతుక్కుంటూ వచ్చేది కూడా వాటి దగ్గరికే. ఫియట్ పేరుతో కార్లు తయారుకావడం మన దేశంలో 2019 నాటికి ఆగిపోయింది. ఇప్పుడు జీటీఎక్స్ ఇంజన్ పోతే, ఎక్కడో పాడుబడ్డ సియెనా 1.6 నుంచో పెట్రా 1.6 నుంచో తీసిన ఇంజన్ కోసం తిరగాలి. అలాంటివి ఏటికేడు తగ్గిపోతున్నాయి. వెయ్యి రూపాయల గొట్టం ఇప్పుడు మార్చకపోతే, తర్వాత డబ్బు చేతిలో పట్టుకుని తిరిగినా సామాను దొరకని పరిస్థితి.

అన్నిటికన్నా ముందు టైమింగ్ బెల్ట్, అంటే పిస్టన్లనూ వాల్వులనూ ఒకే లయలో నడిపించే పళ్ల రబ్బరు పట్టీ. దీని మీద ఎవరేం చెప్పినా రాజీపడకండి. ఈ 16 వాల్వుల ఇంజన్‌లో బెల్ట్ తెగితే పిస్టన్లు పైకొచ్చి తెరిచి ఉన్న వాల్వులను కొడతాయి. వాల్వులు వంగుతాయి, హెడ్ (వాల్వులుండే ఇంజన్ పైభాగం) దించాలి. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరిగే కారుకు బెల్ట్ ఎందుకండీ అని షెడ్డులో అంటారు. రబ్బరుకు కిలోమీటర్లతో పనిలేదు, ఏళ్లు గడిస్తే చాలు. నిలబెట్టిన కారులో బెల్ట్ ఒకే మడతలో నెలల తరబడి ఉండిపోతుంది, అది ఇంకా చెడ్డది. నేను పెట్టుకున్న లెక్క నాలుగేళ్లు లేదా 40,000 కిలోమీటర్లు, ఏది ముందొస్తే అది. కారు కొత్తగా చేతికొచ్చి, బెల్ట్ ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, మార్చలేదనే లెక్క. మార్చేటప్పుడు బెల్ట్‌ను బిగువుగా పట్టే టెన్షనర్ బేరింగు, వాటర్ పంపు కూడా వేయించేయండి. విప్పడానికే కూలి ఎక్కువ. అదే చోట మళ్లీ మూడు నెలలకు విప్పించుకోవడం దండగ.

బెల్ట్ మార్చిన చోటే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు), క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) దగ్గర ఆయిల్‌ను ఆపే సీళ్లు చెమ్మగిల్లాయేమో వేలుపెట్టి తడిమి చూడండి. కారిన ఆయిల్ కొత్త బెల్ట్‌ను కూడా నెలల్లో తినేస్తుంది.

తర్వాతి పరీక్ష పగలు చేసేది కాదు. రాత్రి ఎనిమిది దాటాక, వీధి దీపం పడని చోట కారు పెట్టి బానెట్ ఎత్తండి. ఇంజన్ నడుస్తుండగా, మొక్కలకు నీళ్లు చల్లే చిన్న స్ప్రే సీసాతో, ప్లగ్గుల నిప్పుకు కరెంటు పుట్టించే కాయిల్ దగ్గర, ప్లగ్గులకు వెళ్లే వైర్ల మీద పొగమంచులా కొద్దిగా నీళ్లు కొట్టండి. చేతులు మాత్రం దూరం. అక్కడ కరెంటు వేల వోల్టుల్లో ఉంటుంది. వైరు పాడై ఉంటే నీలం రంగులో సన్నని నిప్పు పాకుతూ కనిపిస్తుంది, ఇంజన్ ఒక్క క్షణం తడబడుతుంది. నేను మొదటిసారి ఇలా చూసినప్పుడు మూడో సిలిండర్ వైరు పొడవునా చీమలబారులా వెలుగు పాకింది. పగలంతా ఆ కారు ఏ లోపమూ చూపించలేదు. వానలో సిగ్నల్ దగ్గర ఆగి ఆగి పోయేది అందుకేనని అప్పుడు అర్థమైంది. ఒక్క వైరు కాదు, నాలుగూ మార్చండి. ప్లగ్గులు ఉండే గుంతల్లో ఆయిల్ నిలిచి ఉంటే ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్ పోయినట్టే. అదీ రబ్బరే.

అదే చేత్తో ఎర్త్ వైర్లు చూడండి. బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి గేర్‌బాక్స్‌కు వచ్చే జడలాంటి వైరు కొనలు పచ్చగా చిలుము పట్టి ఉంటే విప్పి, గరుకు కాగితంతో గీకి, పెట్రోలియం జెల్లీ రాసి బిగించండి. వానాకాలంలో హెడ్‌లైట్ మసకబారడం, ఉత్తపుణ్యానికి మీటర్లో దీపాలు వెలగడం, స్టార్టర్ నీరసంగా తిరగడం లాంటి జబ్బుల్లో సగం ఈ చిలుముతోనే వస్తాయి. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఆకులు పేరుకుపోయి నీళ్లు కిందికి దిగే రంధ్రాలు మూసుకుపోతాయి. చెట్టు కింద పెట్టే కారైతే మరీను. ఒక చెంబు నీళ్లు పోసి, అవి కిందికి కారుతున్నాయో లోపల కార్పెట్ మీదికి వస్తున్నాయో చూడండి.

పెట్రోల్ గురించి కూడా జాగ్రత్తపడాలి. 2025 నాటికి మన బంకుల్లో వచ్చేది దాదాపు అంతా 20 శాతం ఇథనాల్ కలిపిందే. ఈ కారు తయారైన రోజుల్లో ఆ లెక్క ఎవరికీ లేదు. ఇథనాల్‌కు పాత రబ్బరు గొట్టాలు గట్టిపడి చిట్లుతాయి. ట్యాంకు దగ్గర, ఇంజన్ దగ్గర పెట్రోల్ గొట్టాలు వంచి చూసి, సన్నని గీతలు కనిపిస్తే కొత్త రకం పెట్రోల్‌కు తట్టుకునే గొట్టమే అడిగి వేయించండి. ఇథనాల్ గాలిలో తేమను కూడా లాక్కుంటుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా కారు ఎక్కువగా నిలబెట్టేవాళ్లు ట్యాంకు సగం ఖాళీగా ఉంచకండి. వారానికోసారి పది పదిహేను కిలోమీటర్లు తిప్పండి.

టైర్ల విషయంలో చట్టం అడిగేది 1.6 మిల్లీమీటర్ల లోతు గీతలే. జీటీఎక్స్‌కు అది చాలదు. గుంజుడుకు చక్రం జారితే ఇంజన్ బలం తగ్గించే ఎలక్ట్రానిక్ సాయం ఈ కారులో లేదు. 100 హార్స్‌పవర్ మొత్తం ముందు చక్రాల మీదే పడుతుంది. గీతలు 3 మిల్లీమీటర్లకు వచ్చాయంటే నేను మార్చేస్తాను. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1418 అంటే 2018లో 14వ వారం. తక్కువ తిరిగే కార్లకు గీతలు నిండుగా ఉంటాయి, రబ్బరు మాత్రం రాయిలా గట్టిపడి ఉంటుంది. ఆరేళ్లు దాటిన టైరును గీతలు చూసి నమ్మకండి. తొలకరి రోజున, ఎండాకాలమంతా రోడ్డు మీద కారిన ఆయిల్ పైకి తేలుతుంది. ఆ మొదటి అరగంట ఈ కారును బయటికి తీయకపోవడమే మంచిది. బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీల్చేదే, రెండేళ్లకోసారి మార్చాలి. వైపర్ రబ్బర్లు ఏటా కొత్తవి వేయండి, ఆలోచించక్కర్లేదు.

ఇంజన్‌కు ఎక్కువ గాలి అందాలని కొందరు కంపెనీ గాలి డబ్బా తీసేసి కోన్ ఫిల్టర్ (గరాటు ఆకారపు గాలి ఫిల్టర్) పెట్టి, గొట్టాన్ని బంపర్ వెనక కిందికి దింపుతారు. ఆ మోజు నాకు బాగా తెలుసు, నేనూ రెండేళ్లు అలాగే తిరిగాను. వానాకాలం నాలుగు నెలలూ దాన్ని విప్పి, కంపెనీ ఇచ్చిన గాలి డబ్బాను తిరిగి బిగించండి. కిందున్న గొట్టానికి మోకాలి లోతు నీళ్లు కూడా అక్కర్లేదు, ఎదురుగా వచ్చే బస్సు లేపే అల చాలు. నీళ్లు చక్రం బొడ్డు దాటితే వెనక్కి తిరగండి. మలక్‌పేట రైలు వంతెన కింద నిండితే సుల్తాన్‌బజార్ చుట్టూ తిరిగి ఇంటికెళ్లిన రోజులు నాకు లెక్కలేదు. తప్పనిసరై దిగాల్సి వస్తే ఏసీ ఆపి, మొదటి గేరులో, ఒకే వేగంతో, ముందు బండి పూర్తిగా అవతలికి దాటాకే దిగండి. గట్టిగా తొక్కి దాటేయాలని చూడకండి. ఇంజన్ ఎంత వేగంగా తిరిగితే అంత గట్టిగా పీలుస్తుంది, అది గాలైనా నీళ్లైనా. మధ్యలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. దిగి తోయండి.

ఇక ఆ ఉదయం సంగతి. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన ఎవరూ మరిచిపోలేదు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయి. తెల్లారేసరికి మోటార్లు పెట్టి తోడేశారు. నా కారు తలుపుల మీద బురద గీత హెడ్‌లైట్ల ఎత్తున కనిపించింది. లోపల కార్పెట్ పిండితే నీళ్లు. అయినా మీటర్ దీపాలు వెలిగాయి. వెలగగానే ప్రాణం లేచొచ్చింది. బతికే ఉందనుకున్నాను, తాళం తిప్పాను. మొదటిసారి టక్కుమని ఆగింది. రెండోసారి అంటుకుంది. రెండు క్షణాలు, అంతే. లోపల ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడుతో బిగుసుకుపోయింది. గాలి డబ్బా నిండా నీళ్లున్నాయి. ఇంజన్ వాటినే పీల్చింది. గాలి నొక్కితే కుదించుకుంటుంది, నీళ్లు కుదించుకోవు. పిస్టన్ పైకి రావడానికి చోటులేక, దాన్ని క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. హెడ్ దించి మెకానిక్ ఆ రాడ్ నా చేతిలో పెట్టినప్పుడు, అది బెండకాయలా ఒక పక్కకు ఒరిగి ఉంది. పదిహేడేళ్లు ఒక్క మాట పడనివ్వకుండా మోసిన ఇంజన్‌ను నేనే చంపానన్న బాధ ఇప్పటికీ పోలేదు. మామూలు బీమా పాలసీ అలాంటి నష్టాన్ని భరించదు. ఇంజన్‌కు విడిగా రక్షణ కొనుక్కుందామన్నా ఇంత పాత కార్లకు సాధారణంగా ఇవ్వరు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, అక్కడున్న తమ్ముడి వరస అతను ఫోన్ చేశాడు. అతని దగ్గరా జీటీఎక్సే. "అన్నా, నీళ్లు తీశాయి, ఒకసారి తిప్పి చూడనా?" అన్నాడు. తాళం జేబులో పెట్టుకోమన్నాను. అతనికి చెప్పిందే మీకూ చెప్తున్నాను.

ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. కారును న్యూట్రల్‌లో పెట్టి, తాడు కట్టి లాగించకుండా, లారీ మీదికి ఎక్కించి షెడ్డుకు తీసుకెళ్లండి. గాలి డబ్బా విప్పి చూడండి. ఆయిల్ కొలిచే పుల్ల తీస్తే పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే లోపలికి నీళ్లు చేరినట్టే. రంగు మారకపోయినా ఆయిల్, ఫిల్టర్ మార్చండి. గేర్‌బాక్స్ ఆయిల్ కూడా. నాలుగు ప్లగ్గులూ తీసి, క్రాంక్ పుల్లీకి పానా వేసి చేత్తో మెల్లగా తిప్పండి. ఎక్కడైనా అడ్డుపడితే బలం వాడొద్దు. ప్లగ్ గుంతల్లోంచి నీళ్లు చిమ్మితే, చిమ్మడం ఆగేదాకా తిప్పండి. ప్రతి సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. ఈలోగా సీట్లు విప్పి కార్పెట్ పూర్తిగా బయటికి తీయండి. దాని కింద స్పాంజి లాంటి పొర ఎండలో వారమైనా ఆరదు, అక్కడే ఫ్లోర్ తుప్పు మొదలవుతుంది. కనెక్టర్లు ఒక్కొక్కటీ ఊడదీసి గాలి కొట్టించి ఆరబెట్టండి. ట్యాంకులోకి నీళ్లు దిగి ఉంటే పెట్రోల్ మొత్తం తీసేయాలి. ప్లగ్గులు ఇంకా బిగించకుండానే, పెట్రోల్ పంపు, కాయిల్ కనెక్టర్లు పీకి పెట్టి, బ్యాటరీ తగిలించి, స్టార్టర్‌తో పది సెకన్లు తిప్పి చూడండి. పొడిగా, ఒకే తీరుగా తిరిగితే అన్నీ మళ్లీ తగిలించి, కొత్త ప్లగ్గులు వేసి అప్పుడు తాళం తిప్పండి. వంద కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ ఇంకోసారి మార్చండి.