ఫిలిప్పీన్స్ పిల్లలకు కాలేజీ దారి చూపడం ఎలా?

ఫిలిప్పీన్స్‌లోని దవావో నగరంలో మెడిసిన్ చదివే తెలుగువాళ్లకు శనివారం అంటే బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి వీడియో కాల్, కుదిరితే కాస్త పప్పుచారు. మా బ్యాచ్‌లోని ఒక ఫిలిపినో అమ్మాయి మాత్రం ఆ పూట బరంగాయ్ హాలుకి వెళ్లేది. బరంగాయ్ అంటే మన పంచాయతీ లాంటిది. అక్కడ 10 నుంచి 12వ తరగతి దాకా చదివే పిల్లలతో కూర్చునేది. ఒకసారి తోడు వెళ్లి నేనూ ఇరుక్కున్నాను.

లెక్కలు, సైన్సు చెబితే చాలనుకున్నాను. కానీ పిల్లలు ఆగిపోయేది ఎక్కువగా కాగితాల దగ్గర, తేదీల దగ్గర, దారి ఖర్చుల దగ్గర. మెంటర్‌కి పని ఉండేది కూడా అక్కడే.

1. ముందు ఒక గూటిలో చేరండి

అక్కడ డిగ్రీ విద్యార్థులకు ఎన్‌ఎస్‌టీపీ అనే సేవా కార్యక్రమం ఉంటుంది. అందులో ఎల్‌టీఎస్ అనే విభాగం పిల్లలకు చదువు చెప్పడం కోసమే. మీ కాలేజీలో అలాంటి బృందం ఉంటే వాళ్లతో కలవండి. స్కూలు అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం తీసుకోండి. పిల్లల్ని నలుగురూ తిరిగే చోటే కలవండి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఒక్క పెసో కూడా తీసుకోవద్దు.

2. "ఓకే రా" అంటే నమ్మేయకండి

మొదటి రోజు "పెద్దయ్యాక ఏమవుతావు?" అని అడగకండి. స్కూలుకి ఎలా వస్తున్నావు, ఇంట్లో ఎవరుంటారు అని అడగండి. కొందరికి అమ్మ హాంకాంగ్‌లోనో దుబాయ్‌లోనో పనిచేస్తుంటుంది, పెంచేది లోలా, అంటే అమ్మమ్మ. ఏ కోర్సన్నది అమ్మతో ఫోన్‌లోనే తేలుతుంది. కరీంనగర్, కోనసీమ పిల్లలకు ఇది వివరించక్కర్లేదు.

పిల్లలు మిమ్మల్ని కుయా అనో ఆతె అనో పిలుస్తారు, అన్నయ్య, అక్క అని. ఆ మర్యాదతోనే చిక్కు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడి, నవ్వి "ఓకే రా" అంటారు. మన చెవికి స్నేహితుడు అన్నట్టుంటుంది గానీ, బిసాయా భాషలో ఆ "రా" అంటే "అంతే, పర్లేదు" అని. అలా అన్నప్పుడల్లా ఇంకో ప్రశ్న వేయండి.

3. పదో తరగతిలోనే పట్టుకోండి

2016 నుంచి అక్కడ సీనియర్ హైస్కూల్ ఉంది, 11, 12 తరగతులు. మనకు ఎంపీసీ, బైపీసీ ఉన్నట్టే అక్కడ స్టెమ్ (సైన్సు, లెక్కలు), ఏబీఎం (కామర్స్) లాంటి స్ట్రాండ్లు, అంటే గ్రూపులు ఉంటాయి. ఆ విధానం ఇప్పుడు మారుతోంది కాబట్టి స్కూల్లోనే అడగండి. స్నేహితుడు చేరాడని చేరిపోయేవాళ్లే ఎక్కువ. తర్వాత ఇంజినీరింగ్ కావాలంటే అప్పుడు కష్టం.

4. కాగితాల ఫైలు చేయించండి

నన్నడిగితే అన్నిటికంటే పెద్ద పని ఇదే. పీఎస్‌ఏ అనే ప్రభుత్వ గణాంకాల సంస్థ ఇచ్చే జనన ధ్రువపత్రం, ఫారం 138 అనే మార్కుల కార్డు, మంచి నడవడిక సర్టిఫికెట్, ఆదాయం లేదని బరంగాయ్ ఇచ్చే పత్రం. అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో ఉండాలి, ఫోన్లో ఫొటోలు కూడా ఉండాలి.

పేరులో ప్రతి అక్షరం పోల్చి చూడండి. మా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయికి స్కూలు రికార్డులో ఒక స్పెల్లింగ్, జనన పత్రంలో ఇంకొకటి. గడువుకి పది రోజుల ముందు చూశాం. ఆ ఏడాది స్కాలర్‌షిప్ పోయింది. ఇలాంటి చిన్న తప్పుల్ని కోర్టుకి వెళ్లకుండానే స్థానిక సివిల్ రిజిస్ట్రార్ ఆఫీసులో దిద్దించుకోవచ్చు, కానీ టైం పడుతుంది. అందుకే 11లో ఉండగానే చూడాలి.

5. డబ్బు లెక్క ఇంట్లోవాళ్లతో కలిసి రాయండి

2017లో వచ్చిన చట్టంతో ప్రభుత్వ యూనివర్సిటీల్లో మొదటి డిగ్రీకి ట్యూషన్ ఫీజు లేదు. చాలామంది తల్లులకు ఈ మాట నమ్మశక్యంగా ఉండదు. నమ్మాక అసలు ప్రశ్న వస్తుంది: మరి బావొన్? అంటే రోజూ చేతికిచ్చే తిండి, దారి ఖర్చు. జీప్నీ (మన షేర్ ఆటో లాంటి బండి) చార్జీ, మధ్యాహ్నం భోజనం, ఫొటోకాపీలు, గది అద్దె అన్నీ నెలవారీగా రాయండి. సైన్సు వైపు వెళ్లేవాళ్లకు డీఓఎస్‌టీ, అంటే అక్కడి సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ స్కాలర్‌షిప్ స్టైపెండ్ ఇస్తుంది. అయితే తీసుకున్నన్ని ఏళ్లు తర్వాత దేశంలోనే పనిచేయాలి. చదువయ్యాక విదేశాలకు పంపాలనుకునే ఇంట్లో ఈ షరతు ముందే చెప్పడం మంచిది.

6. ఒక్క పరీక్ష మీదే ఆశ పెట్టించకండి

యూపీక్యాట్, అంటే యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్ ప్రవేశ పరీక్ష, అక్కడి పెద్ద టెన్షన్. దాని మార్కులకు హైస్కూల్ మార్కులు కూడా కలుపుతారు. ఇంగ్లిష్‌తో పాటు ఫిలిపినో భాష కూడా ఉంటుంది కాబట్టి ఆ భాగం మీ ఫిలిపినో స్నేహితులకే వదిలేయండి. దవావో పిల్లలైతే మింతాల్‌లోని యూపీ మిండనావో, ఊళ్లోనే ఉన్న యూనివర్సిటీ ఆఫ్ సౌత్‌ఈస్టర్న్ ఫిలిప్పీన్స్, టెస్డా అనే ప్రభుత్వ సంస్థ వృత్తి కోర్సులు, మూడిటి తేదీలూ ఒకే కాగితం మీద రాయించి గోడకి అంటించాలి.

7. సీటు వచ్చాక కూడా వదలకండి

మొదటి సెమిస్టర్లో ఒక సబ్జెక్టు పోతే చాలు, ఇంటికి వచ్చేయాలనిపిస్తుంది. కోర్సు గడువు దాటి ఏడాదికి మించి సాగదీస్తే ఉచిత చదువు కూడా పోతుంది. నెలకోసారి మాట్లాడండి. "ఓకే రా" అని మెసేజ్ వస్తే మాత్రం, అదే రోజు ఫోన్ చేయండి.