హెడ్‌ఫోన్ మీట్‌లో తలెత్తే సమస్యలు, వాటి పరిష్కారాలు

హైదరాబాదులోని మా ఇంటి హాల్లో అప్పుడప్పుడు ఆదివారం పూట పది పన్నెండు మందిమి ఎవరి హెడ్‌ఫోన్లు, యాంప్లిఫయర్లు వారు తెచ్చుకొని, ఒకరివి ఒకరం విని చూసుకుంటూ ఉంటాం. దీన్నే హెడ్‌ఫోన్ మీట్ అంటాం. ఇన్నేళ్లలో చెడిపోయిన వస్తువులను, నొచ్చుకున్న మనుషులను గుర్తు చేసుకుంటే, పాట నడుస్తుండగా జరిగిన నష్టం దాదాపు లేదు. ఒక హెడ్‌ఫోన్ తీసి ఇంకొకటి తగిలించే ఆ పది సెకన్లలోనే అంతా జరిగింది. అందుకే మా దగ్గర ఒకే నియమం ఉంది: తలకు పెట్టుకోవడం వినేవారి పని, ప్లగ్గు పెట్టడం, తీయడం యజమాని పని. కింద రాసిన ఇబ్బందుల్లో చాలావరకు ఈ నియమం తప్పినప్పుడు వచ్చినవే.

పెట్టుకోగానే చెవి గింగురుమనేంత పెద్ద శబ్దం వచ్చింది

ముందు విన్నవారు తమ హెడ్‌ఫోన్‌కు సరిపడా తిప్పిన వాల్యూమ్‌ను తగ్గించకుండా లేచిపోవడమే దీనికి ప్రధాన కారణం. హైఫైమ్యాన్ హెచ్‌ఈ-6 వంటి ప్లానార్ హెడ్‌ఫోన్ (పలుచని చదునైన పొరతో శబ్దం పుట్టించేది) సున్నితత్వం, అంటే ఇచ్చిన శక్తికి వచ్చే శబ్ద స్థాయి, ఒక మిల్లీవాట్‌కు 83.5 డెసిబెళ్లు మాత్రమే; చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లలో 110 డెసిబెళ్లు ఇచ్చేవి సాధారణం. అంటే ఒకే స్థాయి శబ్దానికి మొదటిదానికి రెండోదానికంటే సుమారు 450 రెట్లు ఎక్కువ శక్తి కావాలి. ఒకసారి నేనే, వాల్యూమ్ నాబ్ ఎక్కడుందో చూసుకోకుండా, ప్లానార్ తీసిన యాంప్‌కు నా ఇయర్‌ఫోన్ తగిలించాను. కుడివైపు డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) ఆ రోజుతో పోయింది, చెవి మర్నాటి దాకా కూసింది.

మార్చేటప్పుడు వరుస తప్పకూడదు. పాట ఆపాలి, నాబ్‌ను సున్నాకు తేవాలి, గెయిన్ స్విచ్‌ను (యాంప్ సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలో నిర్ణయించేది) తక్కువకు మార్చాలి, ఆ తరువాతనే ప్లగ్గు ముట్టుకోవాలి. పాట మొదలుపెట్టి, హెడ్‌ఫోన్‌ను చెవికి జానెడు దూరంలో చేత్తో పట్టుకొని విని, అప్పుడు పెట్టుకొని మెల్లగా పెంచుకోవాలి. ల్యాప్‌టాప్‌కు కొత్తగా యూఎస్‌బీ డాక్ (DAC, డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే పరికరం) తగిలించినప్పుడు సిస్టమ్ వాల్యూమ్ నూటికి నూరుకు చేరే అవకాశం ఉంటుంది కనుక దాన్నీ చూసుకోవాలి. చెవి కూస్తే ఆ రోజుకు వినడం మానేయడమే మంచిది. పని చేసేచోట ఆరోగ్య, భద్రతలపై పరిశోధించే అమెరికాలోని నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెళ్లను రోజుకు 8 గంటలు వినవచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెళ్లకు సమయం సగమవుతూ వచ్చి, 100 దగ్గర 15 నిమిషాలే మిగులుతుంది.

బాలెన్స్‌డ్ యాంప్ ఉన్నట్టుండి మూగబోయింది

ముందుగా ఎడాప్టర్‌ను అనుమానించాలి. 4.4 మి.మీ. జాక్, నాలుగు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ వంటి బాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లలో ఎడమ, కుడి చానళ్ల నెగెటివ్ తీగలు విడివిడిగా ఉంటాయి. ఆ రెండింటిలోనూ సిగ్నల్ ప్రవహిస్తుంది. మామూలు 3.5 మి.మీ. హెడ్‌ఫోన్‌లో ఆ రెండూ ఒక్కటిగా కలిసిపోతాయి. బాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌కూ మామూలు హెడ్‌ఫోన్‌కూ మధ్య ఎడాప్టర్ పెడితే యాంప్ అవుట్‌పుట్‌లు షార్ట్ అవుతాయి. రక్షణ సర్క్యూట్ ఉన్న యాంప్ ఆగిపోయి బతికిపోతుంది, లేనిది కాలిపోతుంది. బాలెన్స్‌డ్ కేబుల్ ఉన్న హెడ్‌ఫోన్‌ను మామూలు యాంప్‌కు తగిలించే ఎడాప్టర్ వల్ల మాత్రం ప్రమాదం లేదు. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి, మొదటి రకాన్ని మీట్‌కు అసలు తేకపోవడమే సరైన పరిష్కారమని నా అభిప్రాయం.

ట్యూబ్ యాంప్‌ల (గాజు వాక్యూమ్ ట్యూబులతో నడిచేవి) విషయంలో ఇంకొక మాట. 6.35 మి.మీ. ప్లగ్గు జాక్‌లోకి జారేటప్పుడు దాని కొన ఒక్క క్షణం ఇతర కాంటాక్టులను తాకుతుంది. అందువల్ల నాబ్ సున్నాలో ఉన్నప్పుడే, ట్యూబులు వేడెక్కిన తరువాతనే ప్లగ్గు పెట్టాలి. ఆ ట్యూబులు వేళ్లు కాలేంత వేడిగా ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో ఆ యాంప్‌ను బల్ల లోపలి అంచున, గోడవైపు పెట్టాలి.

గొంతు నడిమిలో నిలవడం లేదు, బేస్ పలుచబడింది

ఇయర్‌ఫోన్ అయితే, రెండు పిన్నుల కేబుల్ ఒక వైపు తిరగేసి గుచ్చి ఉంటారు. ఘంటసాల పాడిన 1950ల నాటి మోనో పాట ఒకటి పెట్టి చూడండి. గొంతు సరిగ్గా తల మధ్యలో వినిపించాలి, చెదిరినట్టు తోస్తే ధ్రువాలు తారుమారైనట్టే. కేబుల్ మీది గుర్తులను సరిచూసుకొని యజమానే మళ్లీ గుచ్చాలి, ఎందుకంటే 0.78 మి.మీ. పిన్ను వంగడానికి క్షణం చాలు. పెద్ద హెడ్‌ఫోన్ అయితే కళ్లద్దాల కాడ ప్యాడ్ కింద సందు చేసి ఉంటుంది. కళ్లజోడు తీసి ఒకసారి వినకుండా ఆ హెడ్‌ఫోన్ మీద తీర్పు చెప్పకండి.

గుయ్‌మని సన్నటి మోత ఆగడం లేదు

ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. మోత ఆగితే బ్యాటరీ మీద నడపండి. ఆగకపోతే అన్ని పరికరాలను ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చండి. ఎర్త్ పిన్ను విరిచేస్తే మోత పోతుందని సలహా ఇచ్చేవారు ప్రతి మీట్‌లోనూ ఒకరుంటారు. లోపల తీగ ఊడిన రోజున యాంప్ లోహపు పెట్టెకు 230 వోల్టులు వస్తాయి, హెడ్‌ఫోన్ మన తల మీద ఉంటుంది. ఆ సలహా వినకండి.

ఎలక్ట్రోస్టాటిక్‌లో చిటపటలు, లేదా ఒక వైపు శబ్దం తగ్గింది

ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్‌లో శబ్దం పుట్టించేది స్టేటర్లనే రెండు కదలని పలకల మధ్య ఉండే పలుచని పొర. కప్పును చెవికి అదిమితే లోపలి గాలి ఒత్తిడికి ఆ పొర స్టేటర్‌ను తాకి చిటపటమంటుంది. చెమట, తేమ చేరితే ఒక వైపు బలహీనపడుతుంది. హెడ్‌బ్యాండ్‌ను రెండు చేతులతో పట్టుకొని, కప్పులను నెమ్మదిగా విడదీసి తీయాలి. తేమ అనుమానముంటే ఏసీ గదిలో కొంతసేపు వదిలేయాలి. స్టాక్స్ కంపెనీ పాత హెడ్‌ఫోన్లకు 230 వోల్టుల బయాస్ (పొరకు ఎప్పుడూ ఇచ్చి ఉంచే వోల్టేజీ), ప్రో రకానికి 580 వోల్టుల బయాస్ ఉంటాయి కనుక వీటి ప్లగ్గును యజమాని తప్ప వేరెవరూ ముట్టుకోకూడదు.

ప్యాడ్లు జిడ్డుగా మారాయి, యజమాని ముభావంగా ఉన్నాడు

ఆదివారం తలంటు మనకు అలవాటే కానీ, తలకు రాసుకున్న కొబ్బరినూనె వెల్వెట్ ప్యాడ్‌లోకి దిగిందంటే మళ్లీ పోదు. నూనె లేని తలతో రావడం, జుంకాలు తీసి పక్కన పెట్టడం, ఇయర్‌ఫోన్లకు ఎవరి సిలికాన్ టిప్పులు వారు తెచ్చుకోవడం కనీస మర్యాద. తోలు ప్యాడ్లను పొడిగుడ్డతో తుడవాలి, స్పిరిట్ వాడితే తోలు పగులుతుంది. ఇయర్‌ఫోన్ గొట్టాన్ని మాత్రం స్పిరిట్‌తో కాస్త తడిపిన గుడ్డతో, జాలీ లోపలికి చుక్క దిగకుండా తుడవవచ్చు.

అయితే యజమాని ముభావానికి కారణం ప్రతిసారీ జిడ్డే కాదు. "అన్నా, ఒక పాట వినొచ్చా?" అని అడగకుండా చేయి వేయడం, అరగంట వదలకపోవడం, ఈక్వలైజర్ మార్చి చెప్పకపోవడం, విన్న వెంటనే "దీనికింత పెట్టారా?" అనడం కూడా కారణాలే. ఇతరులు ఎదురుచూస్తుంటే మూడు పాటలు చాలు. ధర గురించిన అభిప్రాయాన్ని అడిగితేనే చెప్పండి.

వెళ్లేటప్పుడు ఒక వస్తువు తక్కువైంది

వచ్చినప్పుడే ప్రతి ప్లగ్గు మీద పేరు రాసిన చిన్న స్టిక్కర్ అంటించి, బల్లమీద పరిచిన వస్తువులను ఒక ఫోటో తీసి ఉంచుకుంటే, సర్దుకునేటప్పుడు దానితో సరిచూసుకోవచ్చు. మా సోఫా కింద యజమాని తేలని 6.35 మి.మీ. ఎడాప్టర్లు ఇప్పటికి మూడు దొరికాయి. తమవని గుర్తుపట్టినవారు వచ్చే మీట్‌లో తీసుకుపోవచ్చు.